ఎర్ర కాయ కింద ఎర్ర ఆయిలు

మోకాళ్ళు

పని నేర్చుకుంటానని ఎవడన్నా నా షెడ్డుకొస్తే ముందు వాడి ప్యాంటు మోకాళ్ళు చూసేవాణ్ణి. ఇస్త్రీ మడత నలక్కుండా ఉంటే, "సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకో నాయనా, నీడపట్టున ఉంటావు" అని పంపించేసేవాణ్ణి. బండి కింద దూరనివాడు బండి గురించి మాట్లాడకూడదు. ఈ ఒక్క ముక్క ఒప్పుకుంటే మిగతాది చదవండి. ఒప్పుకోకపోతే ఇక్కడే ఆపెయ్యండి, నాకేం నష్టం లేదు.

నా పేరు దేవదానం. చిలకలూరిపేట దాటాక ఒంగోలు పోయే హైవే పక్కన రేకుల షెడ్డులో కార్లు బాగుచేస్తూ బతికాను. నడుం పట్టేశాక షెడ్డు ఇంకొకళ్ళకి అప్పగించి ఇంట్లో కూచున్నా. అప్పట్నించీ కనపడిన ప్రతివాడూ ఒకటే గొడవ, నీ అనుభవాలు రాయి, నీ అనుభవాలు రాయి అని. షెడ్డు ఎవరు ప్రారంభించారు, రిబ్బను ఎవరు కత్తిరించారు, ఏ సంఘం వాళ్ళు శాలువా కప్పారు, ఆ సోదంతా నేను రాయను. ఆ శాలువాతో మా ఆవిడ మార్తమ్మ టీవీ దుమ్ము తుడుస్తోంది. దానికి అదే సరైన పని.

నేను రాసేది ఒక చుక్క గురించి. పాత బండి కింద పడే ఆయిలు చుక్క. ఇంజను పగిలితే ఎవడికైనా తెలుస్తుంది, లబోదిబోమంటూ ఎవడైనా పరిగెత్తుకొస్తాడు. చిన్న లీకు దగ్గరే మనుషుల బుద్ధి బయటపడుతుంది. ఓనరు బుద్ధి, మెకానిక్కు బుద్ధి, ఇంట్లోవాళ్ళ బుద్ధి. ఇన్నేళ్ళలో ఆ చుక్క పుణ్యమా అని నేను చూసిన బుద్ధుల్లో మెచ్చుకోదగ్గవి చాలా తక్కువ.

సుభానీ గారి పత్తి

నాకు పని నేర్పినాయన సుభానీ గారు. ఆయన నోట్లోంచి మంచి మాట ఒక్కటి రాలేది కాదు. తప్పు సైజు స్పానరు అందిస్తే దాన్ని నా కాళ్ళ దగ్గరికి విసిరేసి, "ఇది నీ పెళ్ళికి దాచుకో" అనేవారు. మధ్యాహ్నం భోజనాల వేళ తప్ప మనిషిని మనిషిగా చూసేవారు కాదు. అయినా లీకు వెతకడంలో ఆయన్ని మించినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఆయన దగ్గర ఒక సంచి ఉండేది. జిన్నింగు మిల్లు నించి తెచ్చిన, గింజ తీసిన తెల్లటి పత్తి. చేతులు తుడుచుకునే రంగురంగుల దారాల వేస్టు కాదు, దాని మీద ఏం పడినా తెలిసి చావదు. బండి కింద గోనెపట్టా పరిచి, దాని మీద పత్తి పల్చగా దులిపి, బండిని బాగా తిప్పుకొచ్చి పైన నిలబెట్టి, టీకి పోయేవారు. తిరిగొచ్చి చూస్తే జవాబు పత్తి మీద ఉండేది. నల్ల మరక అయితే ఇంజనాయిలు. నీళ్ళలా పల్చగా, పచ్చగా ఉంటే రేడియేటరుది. ఎర్రగా ఉంటే ఆటోమేటిక్ గేరుబాక్సుది. ఎక్కడ పడిందో చూసి, సరిగ్గా దానిపైన వెతికితే సరి.

"ఓనరు అబద్ధం చెప్తాడు, మీటరు అబద్ధం చెప్తది, పత్తికి ఏం అవసరంరా?" అనేవారు. మన ప్రాంతంలో ఎటు చూసినా పత్తి చేలే. ఇంత పత్తి పండించే చోట ఒక్క సర్వీసు సెంటరులో కూడా గుప్పెడు పత్తి ఉండదు. గాజు తలుపులు మాత్రం ఉంటాయి.

ట్రాక్టరు బుద్ధి

ఆటోమేటిక్ బండంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. దానికి క్లచ్చి ఉండదు, ఎడమ కాలికి పని ఉండదు. లివరు డి లో పెడితే చాలు, గేర్లు అదే మార్చుకుంటుంది. ఆ మార్చేపని చేసేది లోపలున్న ఆయిలే. పల్చగా, ఎర్రగా ఉంటుంది. అది కాస్త తగ్గినా బండి కదలడానికి తాత్సారం చేస్తుంది.

మనవాళ్ళకి ఇది ఎక్కదు. పుట్టింది మొదలు ట్రాక్టరే చూశారు, ట్రాక్టరుకి పోసేదే అన్నిటికీ పోస్తారు. ఒక మిల్లు ఓనరు ఉండేవాడు, పేరెందుకు. పాత ఆటోమేటిక్ కారులో ఆయిలు తగ్గిందని, ట్రాక్టరుకి పోసే గేరాయిలు, బెల్లప్పాకంలాంటిది, డబ్బాడు పోయించాడు. బండి అక్కడికక్కడే మొండికేసింది. లారీ మీద వేసుకుని నా దగ్గరికి తెచ్చి, "గేరుబాక్సుకి గేరాయిలు కాకపోతే కొబ్బరినూనె పోస్తారా ఏంటయ్యా?" అని నన్నే గదమాయించాడు.

"కొబ్బరినూనె పోసినా ఇంతకంటే మర్యాదగా పోయేదండీ" అన్నాను. ఆయనకి కోపమొచ్చి మళ్ళీ రాలేదు. ఆ కారులో తర్వాత కోళ్ళు గుడ్లు పెట్టాయని విన్నా. బంపరుకి నిమ్మకాయలు మాత్రం చివరిదాకా మారుస్తూనే ఉన్నార్ట. మావాళ్ళేం తక్కువ తినలేదు. వెనకద్దం మీద బైబిలు వాక్యం స్టిక్కరు అంటించి, ఆయిలు కొలిచే డిప్‌స్టిక్కు ఎక్కడుందో కూడా తెలియకుండా తిరుగుతారు. దేవుడు బండి కిందికి దూరి చూసిపెడతాడని అందరికీ ఒకటే నమ్మకం.

టీచర్ గారి బండి

సువార్తమ్మ టీచర్ గారిది పాత ఆటోమేటిక్ కారు. షోకుకి కొన్నది కాదు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమెకి ఎడమ కాలు చచ్చుబడిపోయింది. కాలికి ఇనప పట్టీ, చేతిలో కర్ర. ఆమె బడి నల్లరేగడి చేల అవతల ఒక చిన్న ఊళ్ళో. బస్సు మెయిన్‌రోడ్డు మీదే ఆగిపోతుంది, అక్కణ్ణించి మట్టిదారి. వానాకాలం ఆ మట్టిలో రెండు కాళ్ళున్నవాడే చెప్పులు వదిలేసి వస్తాడు. ఆ కారు కొనుక్కున్నాకే ఆమె ఎవరి బండి వెనకా కూచోకుండా, ఎవర్నీ బతిమాలకుండా బడికి పోతోంది. కాబట్టి దాన్ని కారు అనుకోకండి, ఆమె కాళ్ళనుకోండి. తర్వాత జరిగింది అప్పుడే అర్థమవుతుంది.

మిరప కల్లాల సీజనులో ఒకరోజు షెడ్డు ముందు బండి ఆపింది. పక్క సీట్లో తమ్ముడు ప్రభాకరం.

"వందనాలు మేస్త్రీ గారూ. డి లో వేస్తే వెంటనే కదలట్లేదండి. కాసేపు ఆలోచించుకుని కదుల్తోంది."

"ఈ చుట్టుపక్కల ఆలోచించేది అదొక్కటేనమ్మా, ఏమీ అనకండి" అన్నాను.

ఆమె నవ్వింది గానీ మొహం పీక్కుపోయి ఉంది. ప్రభాకరం నవ్వలేదు. "జోకులు తర్వాత మేస్త్రీ. పెద్ద సర్వీసు సెంటర్లో చూపించాం. గేరుబాక్సు పోయిందన్నారు. కొత్తది వెయ్యాలంటే బండి ఖరీదు కంటే ఎక్కువంట. అమ్మెయ్యమని నేను చెప్తానే ఉన్నా. ఏదో నీ దగ్గర కూడా చూపించాలని అక్క పట్టుబట్టింది."

"అక్కడ ఎవరు చూశారు?"

"టై కట్టుకున్న అబ్బాయండి" అంది టీచర్ గారు. "వైరు పెట్టి కంప్యూటర్లో చూశాడు."

"కింద దూరాడా?"

"లేదండి. మేం పోగానే ముందు బండి కడిగించారు. పైకెత్తి కిందంతా నీళ్ళు కొట్టించారు. తళతళలాడుతూ తెచ్చాకే చూశారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు కడుగుతారు, తర్వాత వెతుకుతారు. హత్య జరిగిన ఇంటిని ఫినాయిలు పెట్టి కడిగించి, అప్పుడు పోలీసుల్ని లోపలికి పిలిచినట్టుంది. ఆ టై అబ్బాయికి లీకు కనపడలేదు, కంప్యూటరుకి మోకాళ్ళు లేవు, కాబట్టి గేరుబాక్సే పోయుండాలి. అయిపోయింది, తీర్పు.

బండిని చదునైన చోట ఆపించి, ఇంజను నడుస్తుండగానే డిప్‌స్టిక్కు తీశాను. ఇక్కడ కుర్రాళ్ళు చేసే వెధవపని ఒకటుంది. ఇంజను ఆపి, చల్లారాక చూస్తారు. ఇంజనాయిలు చూసే పద్ధతి అది. ఇలాంటి పాత ఆటోమేటిక్కుల్లో చాలావాటికి బండి వేడెక్కాక, ఇంజను నడుస్తుండగా చూడాలి. పద్ధతి బండి పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో పెళ్ళిపత్రికల కింద ఉంటుంది.

ఆయిలు పుల్ల కొసకి అంటీ అంటనట్టుంది. వేళ్ళ మధ్య రుద్ది వాసన చూశాను. ఎర్రగా, శుభ్రంగా ఉంది. మాడు వాసన లేదు. గేరుబాక్సు లోపల కాలిపోతే ఆయిలు గోధుమరంగుకి తిరిగి, మాడిన పోపు కంపు కొడుతుంది.

"గేరుబాక్సు నిక్షేపంలా ఉందమ్మా. దాహమేసి ఏడుస్తోందంతే. ఎక్కడో చుక్క చుక్క పోతోంది."

అక్కడే పత్తి పరిచి చూశాను, ఏమీ పడలేదు. బండి అప్పటికే కడిగేశారు, పైగా అంత దూరం తిరిగి వచ్చింది కాదు. కొన్ని లీకులు బండి బాగా వేడెక్కి, నిలబెట్టి చల్లారేటప్పుడే కారతాయి.

"ఇంటి దగ్గర ఎక్కడ పెడతారమ్మా?"

"మా కల్లం అంచునండి. కింద ఎప్పుడూ ఏమీ పడలేదు."

"సిమెంటు కల్లం, పడితే కనపడదా?" అన్నాడు ప్రభాకరం. "లీకూ లేదు గీకూ లేదు. ఒంగోలు నించి పాత బండ్లు కొనేవాడు సోమవారం వస్తానన్నాడు, ఇచ్చేస్తున్నాం."

ఇచ్చేస్తున్నాం అన్నాడు చూడండి. టీచర్ గారు స్టీరింగు మీద చేతులేసుకుని రోడ్డు వైపు చూస్తోంది. నేను సరైన ఆయిలు కొద్దిగా పోసి పంపించేశాను. ఆదివారం పొద్దున్నే ఇంటికొస్తానని చెప్పాను. అంతవరకూ బండి కింద చీపురు పెట్టొద్దు, ఒక్క చెంబు నీళ్ళు కూడా చల్లొద్దు అని మరీ మరీ చెప్పాను.

కల్లంలో

ఆదివారం పోయి చూస్తే కల్లం నిండా ఎర్రటి మిరపకాయ. ప్రభాకరం పంట. అక్కాతమ్ముళ్ళది ఒకే ఇల్లు, ముందు గదుల్లో ఆమె, వెనక వాటాలో అతను. ఇంటి ముందున్న సిమెంటు కల్లం ఇద్దరిదీ. సాయంత్రం కాయ కుప్పజేసి, మంచు పడకుండా పట్టా కప్పుతారు. అయితే కారు ముందుభాగం కిందికి వచ్చిన అంచు మాత్రం కప్పరు. కారే కప్పులా ఉంది కదా, పట్టా మిగుల్తుంది కదా అని. ఇలాంటి తెలివి మనవాళ్ళకే తడుతుంది. తెల్లారి ఆమె బడికి పోగానే మళ్ళీ కాయంతా నెరుపుతారు, ఎండకి పల్చగా పరిచేస్తారు. ఆ వేళ సెలవు కాబట్టి కారు కదల్లేదు, మిగతా కాయ మాత్రం నెరిపేశారు.

కమీషను కొట్టు గుమాస్తా అప్పటికే వచ్చి ఉన్నాడు, కాయ చూడ్డానికి. తెల్లచొక్కా, చంకలో సంచి. అక్కడో గుప్పెడు, ఇక్కడో గుప్పెడు తీసి పెదవి విరుస్తున్నాడు. వీళ్ళ పెదవి ఎప్పుడూ విరిచే ఉంటుంది, కొట్లో చేరేటప్పుడే అలా విరిచి పంపిస్తారనుకుంటా. తిరిగి తిరిగి కారు ముందుకొచ్చాడు. వంగి బంపరు కిందనించి గుప్పెడు కాయ తీశాడు. ఒక్కసారిగా కళ్ళు పెద్దవయ్యాయి.

"ప్రభాకరం గారూ! ఇదండీ కాయంటే! ఏం రంగండీ, ఏం నిగారింపు! చేతికి ఎంత మెత్తగా తగుల్తోందో చూడండి. మిగతాదంతా ఇట్లా ఎందుకు లేదండీ?"

ప్రభాకరం ఛాతీ ఉబ్బింది. "నా చేతి కాయండీ. టైముకి మందు కొట్టాను, టైముకి నీళ్ళు పెట్టాను. అందరికీ రాదది."

గుమాస్తా ఇంకా ఆగలేకపోయాడు. కాయ కొస కొరికి, ఘాటు చూసి, "అబ్బ, రుచి కూడా వేరేగా ఉంది" అన్నాడు.

నేనింకా గోనెపట్టా దులుపుతున్నా. వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డ టీచర్ గారు అప్పుడు అంది, నెమ్మదిగా, పిల్లల్ని లెక్క అడిగినట్టు: "ప్రభా, నీ చెయ్యి పొలమంతా పడిందా, ఈ మూల ఒక్కదాని మీదే పడిందా? అది నా బండి ముందు చక్రాల చోటు కదరా."

నేను పోయి ఆ కాయ ఒకటి తీసుకుని, సంచిలోని తెల్లపత్తికేసి రుద్దాను. మామూలు మిరపకాయ రుద్దితే పొడిగా ఉంటుంది, కాస్త దుమ్ము అంటుకుంటుంది. ఇది పత్తిని ఎర్రగా తడిపేసింది, వేళ్ళకి జిడ్డు. ఎర్ర కాయ మీద ఎర్ర ఆయిలు. రోజూ పొద్దున ఆ కాయ తీసి నెరుపుతారు, సాయంత్రం ఇంకో కాయ వచ్చి కింద పడుతుంది. ఇక సిమెంటు మీద మరక అంటారా, మిరప సీజనులో మా ఊళ్ళల్లో మనుషుల అరికాళ్ళే ఎర్రగా ఉంటాయి, సిమెంటు వంక ఎవడు చూస్తాడు!

"ఏంటండీ అది?" అన్నాడు గుమాస్తా.

"గేరుబాక్సు ఆయిలండీ. రుచి వేరేగా ఉందన్నారుగా, నిజమే."

ఆ మనిషి ఉమ్మిన ఉమ్ము నా జీవితంలో మర్చిపోలేను. కుళాయి దగ్గరికి పరిగెత్తి నోరు కడిగి, మళ్ళీ కడిగి, చొక్కా అంతా తడుపుకున్నాడు. పాతికేళ్ళ అనుభవం ఉందండీ నాకు కాయ చూడ్డంలో అని అంతకుముందే చెప్పాడు. కాయ ఏరడానికొచ్చిన ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నేను కుక్కుకోలేదు, హాయిగా పడీపడీ నవ్వాను.

కాలు

గుమాస్తా పోయాక ప్రభాకరం గొంతు తగ్గించి అన్నాడు. "ఇప్పుడేమైందక్కా. ఆ అంచున ఉన్నది ఎంతని. మొత్తం లాటులో కలిపేస్తే ఎవడికీ తెలీదు."

"ఒరేయ్, మా బళ్ళో పిల్లలకి అన్నంలోకి కూర వండేది బజారు కారంతోనేరా" అంది ఆమె. "తీసి పక్కన పెట్టించు. గుంట తీసి పూడ్పించు. కాల్చావంటే ఆ పొగ కోరుకి ఊరంతా ఛస్తుంది."

ఆడవాళ్ళు ఆ అంచు కాయ వేరుచేస్తుంటే ప్రభాకరానికి రోషం పొడుచుకొచ్చింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

"అంతా ఈ డొక్కు బండి వల్లే! దీన్ని తీసేస్తే కల్లం అంతా ఖాళీ అవుతుంది, ఇంకాస్త కాయ ఆరేసుకోవచ్చు. ఎన్నాళ్ళు ఈ బడీ ఈ తిరుగుళ్ళూ? నాకు కుదిరినప్పుడు మోటారుసైకిలు మీద దింపుతాగా. కుదరనప్పుడు సెలవు పెట్టు. అదీ కాకపోతే ముందే రిటైర్మెంటు తీసుకో. నిన్నెవరన్నా పని చెయ్యమన్నారా? రేపు ఒంగోలు అతను వస్తున్నాడు, ఇచ్చి పంపించేస్తా."

విన్నారా? గేరుబాక్సూ కాదు, ఖర్చూ కాదు. కల్లంలో కారు మేరకి జాగా. దానికోసం అక్క కాళ్ళు అమ్మడానికి సిద్ధపడ్డాడు. సర్వీసు సెంటరు వాడు పోయిందనగానే వీడికి పండగైంది, ఇంకోచోట చూపిద్దామన్న ఆలోచనే రాలేదు. నేను మనుషుల్ని చాలా రకాల్ని చూశాను. కోపంతో చెడు చేసేవాణ్ణి భరించొచ్చు గానీ, నీ మంచికే అంటూ చేసేవాణ్ణి చూస్తే నాకు కంపరం.

ఆమె ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. కర్ర స్తంభానికి ఆనించి, రెండు చేతులతో కాలి పట్టీ సర్దుకుంటూ అంది. "బండి చుక్క కారుస్తోందని అమ్మేస్తానంటున్నావు. నా కాలు చిన్నప్పట్నించీ పనిచెయ్యట్లేదు ప్రభా. అమ్మగానీ నాన్నగానీ దాన్ని అమ్మెయ్యమని ఎప్పుడూ అనలేదు. పట్టీ వేయించి నడవమన్నారు."

ప్రభాకరం మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను "గుడికి పోయొస్తానమ్మా, వచ్చి పని మొదలెడతా" అని బయటపడ్డాను. ఆ వేళ ప్రార్థనలో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

గొట్టం

రిపేరు గురించి రాయడానికి ఎక్కువేం లేదు. అదే ఇక్కడ విషయం. నిగనిగలాడే కాయ ఎక్కడుందో సరిగ్గా దానిపైన, రేడియేటరు అడుగున, గేరుబాక్సు ఆయిలు చల్లబడ్డానికి పోయివచ్చే రబ్బరు గొట్టాలు రెండున్నాయి. అందులో ఒకదాని కొస క్లిప్పు కింద పగుళ్ళిచ్చింది. ఏళ్ళ తరబడి వేడికి రబ్బరు గట్టిపడి, పాత పూరీలా అయింది. బండి వేడెక్కినప్పుడు ఆ పగులు తెరుచుకుని చుక్క వదుల్తుంది. ఇంతోటి దానికి ఆ టై అబ్బాయి గేరుబాక్సే మార్చమన్నాడు.

బండి కింద పడుకుని క్లిప్పు విప్పుతున్నా, ప్రభాకరం వచ్చి ఒక గొట్టం చూపించాడు. పచ్చటిది, చేలో మందు కొట్టే స్ప్రేయరుది.

"ఇది వెయ్యి మేస్త్రీ, ఇంట్లోనే పడుంది. ఇంకా గట్టిది."

"ఏంటయ్యా ప్రభాకరం, బండికి పురుగు పట్టిందా మందు కొట్టడానికి?"

అతనికి అర్థం కాలేదు. మీకు అర్థం కావాలి కాబట్టి రాస్తున్నా. ఆ వేడికి, ఆ ఆయిలుకి తట్టుకునే గొట్టం వేరే ఉంటుంది. స్ప్రేయరు గొట్టం వేస్తే కొన్నాళ్ళు బాగానే ఉన్నట్టు కనపడి, ఏ వంతెన మీదో మెత్తబడి ఊడొస్తుంది. చుక్క కారే బండి మనిషిని ఇంటికి చేరుస్తుంది. ఊడిన గొట్టంతో బండి నడిరోడ్డు మీద వదిలేస్తుంది. కారుతున్న చోట బట్టలసబ్బు రుద్దేవాళ్ళు, లప్పం ముద్ద మెత్తేవాళ్ళు, లీకు ఆపే మందని సీసాలో అమ్మేది తెచ్చి లోపల పోసేవాళ్ళు, వీళ్ళందరూ నాకు తెలుసు. పని తెలియక కాదు, బద్ధకం. ముఖ్యంగా ఆ సీసా సంగతి. లోపలి రబ్బర్లు ఉబ్బి ఇవాళ్టికి లీకు ఆగుతుంది, రేపు అవే రబ్బర్లు మెత్తబడి గేరుబాక్సు పీక మీదికి తెస్తాయి. అమ్మినవాడు మాత్రం అప్పటికి వేరే సీసా అమ్ముతుంటాడు.

రెండు గొట్టాలూ మార్చాను. ఒకటి పగిలిందంటే రెండోది అదే వయసుది. కొత్త క్లిప్పులు వేశాను. సరైన ఆయిలు కొద్దికొద్దిగా పోస్తూ, ఇంజను నడిపిస్తూ, కొలత చూశాను. ఎక్కువ పోస్తే నురగ వచ్చి తక్కువైనంత చెడ్డ చేస్తుంది. అప్పుడు టీచర్ గారినే నడపమని ఒంగోలు వైపు హైవే మీద బాగా వేడెక్కేదాకా పోయివచ్చాం. డి లో వెయ్యగానే బండి ఎద్దుని అదిలించినట్టు కదిలింది. ఆమె ఆ దారంతా స్టీరింగు మీద వేళ్ళతో ఏదో కీర్తన తాళం వేస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక బండి ముందు కాయ ఊడ్పించి, గోనెపట్టా వేసి, పత్తి పరిచి, దానిమీద బండి నిలబెట్టాం. "ఎవరూ ముట్టుకోవద్దు" అని ప్రభాకరం మొహం చూస్తూ చెప్పాను.

బేరగాడు

సోమవారం పొద్దున నేను పోయేసరికి టీచర్ గారు బడికి తయారై వరండాలో కూచుని ఉంది. నేను రాకుండా చూడకూడదని కూచుందట. మోకాళ్ళ మీద కూచుని, తల కిందికి పెట్టి చూశాను. పట్టా మీద పత్తి, చేలో అప్పుడే విచ్చినట్టు తెల్లగా ఉంది. ఒక్క మచ్చ లేదు. బయటికి లాగి ఆమెకి చూపించాను. ఆమె ఒక పింజ తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

అప్పుడే ఒంగోలు బేరగాడు మోటారుసైకిలు దిగాడు. నల్లకళ్ళద్దాలు, చేతికి కడియం. ప్రభాకరం ఎదురెళ్ళి కుర్చీ వేశాడు. నేను పత్తి సంచి సర్దుకుంటూ పక్కనే ఉన్నా, కదిలితే ఒట్టు.

టీచర్ గారు బండెక్కింది. ఆమె ఇక బండి తియ్యదనుకున్నాడేమో ప్రభాకరం, ముందు దారి మీద తెల్లారే కాయ నెరిపేశాడు.

"ప్రభా, కాయ తియ్యి. బెల్లు టైమైంది."

"అక్కా, ఇతను బండి చూడ్డానికి..."

"కాయ తియ్యి, తొక్కుకుంటూ పోతే మళ్ళీ నన్ననొద్దు."

ఇంజను నడుస్తోంది. ప్రభాకరం బేరగాడి వంక చూశాడు, కాయ వంక చూశాడు, చీపురు తీసుకున్నాడు. ఆమె డి లో వేసింది, బండి కదిలింది, గేటు దాటి పత్తిచేల వైపు తిరిగి పోయింది. వెనక ఎర్రటి దుమ్ము లేచి ముగ్గురం తుమ్మాం.

బేరగాడు కళ్ళద్దాలు తీసి అడిగాడు. "అదేనా బండి? బాగానే ఉందే. ఎవరి పేరు మీదుందండీ?"

"మా అక్క పేరు మీద" అన్నాడు ప్రభాకరం.

"ఇప్పుడు నడుపుకుంటూ పోయినామేనా?"

"ఆ."

"అమ్ముతానని ఆమె చెప్పిందా?"

ప్రభాకరం చీపురు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అడిగారా అసలు?"

"అడిగేదేముంది, ఇంట్లో..." అంటూ నీళ్ళు నమిలాడు.

పాత బండ్ల బేరగాళ్ళంటే నాకు ఎప్పుడూ మంచి అభిప్రాయం లేదు. మీటర్లు వెనక్కి తిప్పేది వీళ్ళే, వరద నీళ్ళలో మునిగిన బండికి అత్తరు కొట్టి అమ్మేదీ వీళ్ళే. అలాంటివాడు ఆ వేళ లేచి నిలబడి, కుర్చీ పక్కకి జరిపి, "ఆమె బండి ఆమెనడక్కుండా నన్ను ఇంతదూరం రప్పించావా? సిగ్గుండాలయ్యా" అని మోటారుసైకిలెక్కి పోయాడు. పెద్ద సర్వీసు సెంటరు వాడికి తట్టని మాట, తోడబుట్టినవాడికి తట్టని మాట, వాడికి తట్టింది.

ప్రభాకరం చీపురు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. కారు పోయిన జాగా ఖాళీగా ఉంది. కాసేపాగి, కాయ ఆ ఖాళీలోకి నెరపడం మొదలెట్టాడు, అలవాటు పోదుగా. నేను గోనెపట్టా చుట్టుకుని చంకలో పెట్టుకున్నాను.

"బడి వదిలే టైముకి తీసెయ్యాలయ్యా ఆ మూల" అన్నాను. "మీ అక్క వచ్చి బండి పెట్టుకుంటది."

అతను తలెత్తలేదు. "తెలుసులే మేస్త్రీ" అని, అప్పటిదాకా నెరిపిన కాయ మళ్ళీ వెనక్కి ఊడ్చుకోవడం మొదలెట్టాడు.